72 మోడల్ డాట్సన్ 240జెడ్‌కి సైలెన్సర్ మార్చాలి, 90 స్పీడులో హోరు లేకుండా ఏది పెట్టించుకోవాలి?

నీలిజెడ్72:

అందరికీ నమస్కారం. నా దగ్గర 1972 డాట్సన్ 240జెడ్ ఉంది. ఇంజిన్ అసలుదే, ఎల్24, 2,393 సీసీ, ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉండేది, రెండు ఎస్‌యూ తరహా కార్బ్యురేటర్లు, నాలుగు గేర్ల బాక్సు. సిలిండర్ల పొగని కలిపి పైపులోకి పంపే మానిఫోల్డ్ కూడా కంపెనీదే, దాని బదులు విడివిడి గొట్టాల హెడర్ పెట్టే ఉద్దేశం లేదు. వెనక సైలెన్సర్ పోయింది. పోయిన ఆదివారం బండిని జాక్ స్టాండ్ల మీద పెట్టి కిందకి దూరి చూశాను. డబ్బా అడుగున అతుకు వెంబడి స్క్రూడ్రైవర్ మొన ఆనించగానే రేకు తడిసిన అట్టలా లోపలికి దిగిపోయింది, లోపల్నుంచి ఎర్రటి పొట్టు, దాంతోపాటు చెంచాడు మురికినీళ్లు నా మోచేతి మీద పడ్డాయి. ఇక దానికి అతుకులు వేసి లాభం లేదు.

అసలు చిల్లు పడకముందు కూడా ఈ డబ్బాతో నాకు సుఖం లేదు. ఇది కంపెనీది కాదు, నాకు ముందున్న ఓనర్ పెట్టించింది. గుండ్రంగా, సన్నగా, 4 అంగుళాల లావు, 14 అంగుళాల పొడవు ఉంటుంది. నెమ్మదిగా పోతే ఏ ఇబ్బందీ లేదు. హైవే మీద నాలుగో గేర్లో 85-95 మధ్య పట్టుకున్నామా, లోపల ఒక హోరు మొదలవుతుంది. చెవిలో మోగినట్టు కాదు, తలలోనే మోగినట్టు. 105 దాటిస్తే పోతుంది కానీ ఎప్పుడూ ఆ స్పీడులో పోలేం కదా. మా నాన్నకి ఇప్పుడు 74. ఈ కారంటే నాకంటే ఆయనకే ప్రాణం. పక్క సీట్లో కూర్చుని ఏదో ఒకటి చెబుతూనే ఉంటారు, ఆ స్పీడులో ఆయన పెదాలు కదలడం కనిపిస్తుంది తప్ప ఒక్క మాట వినపడదు. అందుకని నాకు రేసు కారు మోత అక్కర్లేదు. అలాగని కుట్టుమిషన్‌లా కూడా ఉండకూడదు. ఆరు సిలిండర్ల ఆ మెత్తటి గొంతు ఉండాలి, హోరు పోవాలి.

నా ముందు మూడు దారులున్నాయి. కంపెనీ పద్ధతిలో లోపల గదులున్న డబ్బా ఒకటి, స్టీలు గొట్టం నేరుగా వెళ్లిపోయే రకం ఒకటి, లావుపాటి ఓవల్ డబ్బా 'టర్బో' రకం ఒకటి. పైపు ఇప్పుడు 2 అంగుళాలు. రెండున్నర చేయించు, బండి ఎగిరిపోతుందని ఒకరన్నారు. బ్యాక్ ప్రెషర్ తగ్గితే పికప్ పోతుందని ఇంకొకరు భయపెట్టారు. ఎవరి మాట వినాలో తెలియక అడుగుతున్నాను.

పానా_చేతిలో:

తమ్ముడూ, డబ్బా కొనడానికి తొందరపడకు. రోగమొకటి మందొకటి కాకూడదు. డబ్బా పోయిన మాట నిజమే, దాన్ని ఎలాగూ మార్చాల్సిందే. కానీ నువ్వు చెప్పిన హోరులో పైనుంచి వచ్చేది ఎంతో, కిందనుంచి వచ్చేది ఎంతో ముందు విడదీసుకో. ఎల్24లో గాలి లోపలికి వెళ్లేదీ పొగ బయటికి వచ్చేదీ ఒకే పక్క, రెండు మానిఫోల్డ్‌లకీ కలిపి ఒకటే గాస్కెట్. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారి, చల్లారి వేడెక్కి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వంగుతుంది, చివర సిలిండర్ల దగ్గర దాన్ని ఇంజిన్‌కి బిగించే మరలు, అంటే స్టడ్లు, విరుగుతాయి. ఇలాంటి ఇంజిన్లు చాలా విప్పాను, ఆరో సిలిండర్ దగ్గర స్టడ్ విరిగి ఉంటే నాకు ఇప్పుడు ఆశ్చర్యం కూడా కలగదు.

చూసే పద్ధతి చెబుతాను. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చెవి పెట్టు. టిక్ టిక్ టిక్ అని వాల్వు చప్పుడులా వచ్చి, ఐదు నిమిషాలు వేడెక్కాక తగ్గిపోతే అది వాల్వు కాదు, మానిఫోల్డ్ లీకు. ఇనుము వేడికి సాగి సందు మూసుకుంటుంది కాబట్టి తగ్గుతుంది. ఇంకోటి, ఇంజిన్ పూర్తిగా చల్లారాక వాక్యూమ్ క్లీనర్ గాలి ఊదే వైపు గొట్టాన్ని టెయిల్ పైపుకి గుడ్డతో బిగించి, అతుకులన్నిటి మీదా సబ్బునీళ్లు రాయి. ఎక్కడ బుడగ లేస్తే అక్కడ లీకు. నీ డబ్బాకి ఎలాగూ చిల్లు ఉంది కాబట్టి ముందు దాన్ని తాత్కాలికంగా రేకు చుట్టి మూసేయి, లేకపోతే గాలంతా అక్కడే పోతుంది.

ఇక ఆ చెంచాడు నీళ్ల సంగతి. అవి పైనుంచి పడ్డ వాననీళ్లు కావు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. డబ్బా బాగా కాగితే అవి బయటికి పోతాయి, కాగకపోతే డబ్బాలోనే నీళ్లై నిలుస్తాయి, అందులో పొగలోని ఆమ్లం కలిసి లోపలి నుంచి తింటుంది. అందుకే నీ డబ్బా అడుగు అతుకు దగ్గరే పోయింది. వారానికోసారి షెడ్డులోనే పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేసే అలవాటు ఉందా? ఉంటే మానెయ్. తీస్తే అరగంట నడుపు, లేదంటే ముట్టుకోకు.

ఇన్‌లైన్_ఆరు:

పై మాటలన్నీ అక్షరాలా నిజం. నేను హోరు గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది అక్కడే పొరపాటు పడి రెండు మూడు డబ్బాలు మారుస్తారు.

మీ బండి హోరు ఏ ఆర్‌పీఎం దగ్గర వస్తోందో లెక్క వేద్దాం. 240జెడ్‌లో నాలుగో గేరు అంటే ఇంజిన్ ఎంత తిరిగితే షాఫ్టు అంతే. వెనక డిఫరెన్షియల్ 3.36 అయి, టైర్లు అప్పటి సైజు 14 అంగుళాలవే అయితే 90 స్పీడులో దాదాపు 2,600. ఆరు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక్క చుట్టుకి మూడు సార్లు పేలుడు. అంటే 2,600 దగ్గర నిమిషానికి 7,800, సెకనుకి 130. 130 హెర్ట్జ్ అంటే లోతైన బేస్ శబ్దం. అది లోపలి గాలినీ, వెనక డోరు రేకునీ పట్టుకుని ఊపుతోంది. జెడ్‌లో డిక్కీకీ సీట్లకీ మధ్య గోడ లేదు కదా, ఆ పెద్ద హ్యాచ్ మీ తల వెనక డప్పులా పనిచేస్తుంది. స్పీడు పెంచితే ఆ శబ్దం పైకి జరిగిపోతుంది కాబట్టి 105 దగ్గర మీకు హాయిగా ఉంటుంది.

ఇప్పుడు డబ్బాల సంగతి. నేరుగా వెళ్లిపోయే రకంలో చిల్లుల గొట్టం, దాని చుట్టూ ఫైబర్‌గ్లాస్ లాంటి పీచు ఉంటాయి. పీచు సన్నటి శబ్దాన్ని, అంటే గరగరని, తగరపు డబ్బా మోతని బాగా మింగుతుంది. లోతైన శబ్దాన్ని మింగడానికి పీచుకి చాలా మందం, చాలా పొడవు కావాలి. మీ పాత 4 అంగుళాల గుండ్రటి డబ్బా లోపలి జాగా లెక్కేస్తే 3 లీటర్లకి కాస్త తక్కువే. మీ ఇంజినే 2.4 లీటర్లు! అది 130 హెర్ట్జ్‌ని ఆపాలనుకోవడం చేటతో వరద ఆపడం. అదే 10 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల మందం, 18 అంగుళాల పొడవున్న ఓవల్ డబ్బా తీసుకుంటే 11 లీటర్లు దాటుతుంది. గదులున్న డబ్బా పీచుతో కాదు, శబ్దాన్ని గోడలకి కొట్టించి వెనక్కి పంపి, వచ్చే అలని పోయే అలతో ఢీకొట్టించి చంపుతుంది. లోతైన శబ్దానికి అదే సరైన మందు. టర్బో రకం కూడా ఇంచుమించు ఈ జాతిదే. లోపల గొట్టాలు ఎస్ ఆకారంలో ముందుకీ వెనక్కీ తిరుగుతాయి, కాకపోతే మెలికలు విశాలంగా ఉంటాయి కాబట్టి గాలికి అడ్డు తక్కువ. ఆ పేరు ఎక్కడిదో తెలుసా, 60లలో షెవర్లే కోర్వేర్ అనే కారు వచ్చింది, అదీ ఆరు సిలిండర్లదే, కాకపోతే అడ్డంగా పడుకుని ఉండే ఫ్లాట్ సిక్స్. దాని టర్బో మోడల్‌కి పెట్టిన సైలెన్సర్ గాలికి తక్కువ అడ్డుపడేదని కుర్రాళ్లు తమ బండ్లకి తెచ్చుకుని పెట్టుకునేవారు. పేరు అలా అంటుకుపోయింది.

మీకు నా సలహా, మధ్యలో చిన్న నేరు రకం రెజొనేటర్ (పైపు మధ్యలో పెట్టే అదనపు చిన్న డబ్బా) ఒకటి, వెనక స్థలం ఎంత ఇస్తే అంత పెద్ద ఓవల్ డబ్బా ఒకటి. రెండూ వేర్వేరు పనులు చేస్తాయి. ఒక్క డబ్బాతో రెండు పనులూ చేయించాలని చూస్తే రెండూ సగం సగమే అవుతాయి. బ్రాండు పేరు కంటే ముందు టేపు పెట్టి డబ్బా కొలతలు చూడండి.

రెండున్నర_పైపు:

ఇంత లెక్కలు ఎందుకు బ్రో, 2.5 పైపు, నేరు రకం, రెండు టిప్పులు. నా దాంట్లో అదే ఉంది, 2.8 లీటర్ల ఇంజిన్, హెడర్లు, వాల్వుల్ని ఎక్కువ తెరిచే పెద్ద క్యామ్. 5,000 దాటితే ఒళ్లు జలదరిస్తుంది. సైలెన్సర్ సైలెంట్‌గా ఉండాలంటే ఈ కారు ఎందుకు?

ఇన్‌లైన్_ఆరు:

మీ బండికి అది సరైనదే, నేను కాదనను. పెద్ద ఇంజిన్, పెద్ద క్యామ్, పైన గాలి ఎక్కువ పోవాలి. ఆయనది కంపెనీ కొలతల్లో ఉన్న ఇంజిన్, అప్పటి గ్రాస్ లెక్క (ఇంజిన్‌ని విడిగా పెట్టి కొలిచేది) ప్రకారం 151 హార్స్‌పవర్, అదీ 5,600 దగ్గర. 2 నుంచి 2.5కి వెళ్తే గొట్టం వైశాల్యం 56 శాతం పెరుగుతుంది. ఆ గాలికి అంత జాగా అక్కర్లేదు. పై ఆర్‌పీఎంలలో వచ్చే లాభం తక్కువ, కింది ఆర్‌పీఎంలలో పోయే మెత్తదనం ఎక్కువ, పైగా గొట్టం లావైతే హోరు ఇంకా లావవుతుంది. 2.25 చాలు, 2 ఉంచినా తప్పు లేదు.

బ్యాక్ ప్రెషర్ గురించి అడిగారు కదా. ఏ ఇంజినూ వెనకనుంచి ఎవరో అడ్డుపడాలని కోరుకోదు. దానికి కావలసింది గొట్టంలో పొగ వేగం. ఒక సిలిండర్ నుంచి వెళ్లే పొగ వేగంగా పోతే దాని వెనక ఏర్పడే వెలితి పక్క సిలిండర్‌ని ఖాళీ చేయడానికి సాయపడుతుంది. గొట్టం మరీ లావైతే పొగ నెమ్మదిస్తుంది, చల్లారుతుంది, ఆ సాయం పోతుంది. దాన్నే జనం 'బ్యాక్ ప్రెషర్ పోయింది, పికప్ పోయింది' అంటారు. పికప్ పోయిన మాట నిజం, కారణం మాత్రం అది కాదు.

రెండు టిప్పుల గురించి కూడా ఒక మాట. ఈ ఇంజిన్ పేలే వరస 1-5-3-6-2-4. ముందు మూడు సిలిండర్లు ఒక గుంపు, వెనక మూడు ఒక గుంపు. ఒకటి ముందు గుంపుది, తర్వాతది వెనక గుంపుది, ఇలా ఒకటి విడిచి ఒకటి పేలుతాయి. మానిఫోల్డ్ నుంచి చివరిదాకా రెండు పైపుల్ని ఎక్కడా కలపకుండా తీసుకెళ్తే ఒక్కో పైపులో మూడు సిలిండర్ల ఇంజిన్ మోగుతుంది. ఆ ఆరు సిలిండర్ల మెత్తదనం కావాలనుకుంటే రెండూ ఎక్కడో ఒకచోట కలవాలి. మీ కంపెనీ మానిఫోల్డ్ కిందే కలిసిపోతుంది కాబట్టి ఒక్క పైపే ఉంచేయండి. చివర టిప్పులు రెండు పెట్టినా అది అందానికే.

రెండున్నర_పైపు:

సరే అన్నా, కంపెనీ ఇంజిన్ అని చూసుకోలేదు. ఒకటి మాత్రం నా అనుభవంతో చెబుతా, నేరు రకం పీచు డబ్బా కొన్న రోజు సౌండు నమ్మొద్దు. నాది రెండేళ్లకి పీచు కాలి, ఊడి, వెనకనుంచి దూదిలా ఎగిరిపోయింది, సౌండు రెట్టింపయింది. మధ్యలో రెజొనేటర్ పెట్టినా సరే, గొట్టం చుట్టూ ముందు ఒక వరస స్టీలు పీచు చుట్టి, దాని మీద ఫైబర్ ఉన్నదే తీసుకో. వేడి నేరుగా ఫైబర్‌కి తగలదు. లోపల గొట్టం గుండ్రటి చిల్లులదా, జల్లెడలా పైకి లేచిన రేకు రెప్పలదా అని టార్చి వేసి చూడు, రెప్పలది వద్దు, పొగ ఆ రెప్పలకి గీసుకుంటూ పోతుంది.

జెడ్_వెనకసీటు_లేదు:

నీలిజెడ్ గారూ, నాదీ 72నే, పదకొండేళ్లుగా నడుపుతున్నాను. డబ్బా గురించి అందరూ బాగా చెప్పారు. టెయిల్ పైపు గురించి ఎవరూ అనలేదు, నాకు అదే అన్నిటికన్నా ముఖ్యం.

నా బండికి సైలెన్సర్ మార్చినప్పుడు బిగించిన మెకానిక్ పైపుని బంపర్ లోపలికి రెండు అంగుళాలు ఉండగానే కోసేశాడు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లొచ్చినా తలనొప్పి. ఎండ అనుకున్నాను, నిద్ర చాలలేదనుకున్నాను. ఒకరోజు మా అమ్మాయి 'అమ్మా, నా జడ పెట్రోలు వాసన వస్తోంది' అంది. దాని జడ చేతిలోకి తీసుకుని వాసన చూస్తే కడుపులో తిప్పింది. ఆ రోజునుంచి దాన్ని ఎక్కించుకోలేదు, పైపు సరిచేసేదాకా.

జెడ్ వెనక ఆకారం అలాంటిది. బండి పరిగెత్తుతుంటే వెనక డోరు వెనకాల గాలి పలచబడి సుడి తిరుగుతుంది, పైపు పొట్టిగా ఉంటే పొగ ఆ సుడిలో పడి ఏ సందు దొరికితే ఆ సందులోంచి లోపలికి వస్తుంది. వాసన వస్తోందని కిటికీ దింపుతాం కదా, దింపితే ఇంకా ఎక్కువ వస్తుంది, ఎందుకంటే కిటికీ లోపలి గాలిని బయటికి లాగేస్తుంది, ఆ వెలితి పూడ్చడానికి వెనకనుంచి పొగ లాక్కుంటుంది. వాసన వచ్చేది మనకి తెలుస్తుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసనే లేదు. మీరు నాన్నగారిని ఎక్కించుకుంటారు, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. పైపు బంపర్ అంచు దాటి ఒక 5 సెంటీమీటర్లు బయటికి రావాలి, నేరుగా వెనక్కి చూడాలి, పైకి తిరిగి ఉండకూడదు. హ్యాచ్ చుట్టూ రబ్బరు, టెయిల్ లైట్ల వెనక గాస్కెట్లు, వైర్లు లోపలికి వచ్చే చోట రబ్బరు బిళ్లలు, ఇవన్నీ మార్చండి. రాత్రిపూట ఒక మనిషిని డిక్కీలో టార్చితో కూర్చోబెట్టి హ్యాచ్ మూసి బయటినుంచి చూస్తే ఎక్కడ వెలుగు వస్తే అక్కడ సందు. నాకు ఎడమ లైటు చుట్టూ మొత్తం వెలుగే. లోపల చిన్న కార్బన్ మోనాక్సైడ్ మీటరు కూడా పెట్టుకున్నాను, ఇప్పుడు అది సున్నా తప్ప ఏమీ చూపించదు.

నీలిజెడ్72:

మేడమ్, మీరు రాసింది చదివి రాత్రే టార్చి పట్టుకుని వెళ్లాను. మా తమ్ముడిని లోపల కూర్చోబెట్టాను. రెండు లైట్ల దగ్గరా వెలుగు వచ్చింది, హ్యాచ్ కింది మూల రబ్బరు వేలితో నొక్కితే పొడిపొడిగా రాలింది. నాన్న అప్పుడప్పుడు వికారంగా ఉందనేవారు, వయసు వల్ల అనుకున్నాను. చాలా బాధేసింది. అన్నీ మార్చేదాకా బండి తీయను.

పానా అన్నా, మీరన్నట్టే ఉంది. పొద్దున్న టిక్ టిక్ ఉంది, వేడెక్కాక పోయింది. గాలి ఊది సబ్బునీళ్లు రాస్తే చివరి స్టడ్ దగ్గర గుప్పెడు బుడగలు. నట్టు చేత్తో తిరుగుతోంది, స్టడ్ లోపలే విరిగింది. షెడ్డులో పది నిమిషాలు స్టార్ట్ చేసే అలవాటు కూడా ఉంది, ప్రతి ఆదివారం, మంచిదనుకుని చేస్తున్నాను.

డబ్బా కోసం కింద కొలిచాను, 10x5 ఓవల్, 18 పొడవు పడుతుంది. ఇంకో సందేహం, మెటీరియల్ ఏది? మామూలు ఇనుము, అల్యూమినియం పూత ఇనుము, 409 స్టీలు, 304 స్టీలు, ఇలా చెబుతున్నారు.

పానా_చేతిలో:

మంచిపని చేశావ్. స్టడ్ తీయించేటప్పుడు మానిఫోల్డ్ కూడా విప్పించి స్కేలు పెట్టి చూడమను, వంగి ఉంటే ముఖం చదును చేయించు, లేకపోతే కొత్త గాస్కెట్ మళ్లీ ఆర్నెల్లకే పోతుంది.

మెటీరియల్ సంగతి సూటిగా చెబుతాను. మామూలు ఇనుము వద్దు, నీ బండి ఎక్కువ నిలబడి ఉండే బండి, నిలబడిన బండికే తుప్పు ఎక్కువ. అల్యూమినియం పూత ఉన్నది పర్లేదు, బాగానే మన్నుతుంది, కానీ వెల్డింగ్ చేసిన చోట పూత కాలిపోతుంది, అక్కడ వేడి తట్టుకునే రంగు వేయించాలి. 409లో క్రోమియం సుమారు 11 శాతం, అయస్కాంతం అంటుకుంటుంది, పైపైన గోధుమ రంగు తుప్పు పడుతుంది, చూసి కంగారుపడొద్దు, లోపలికి అంత త్వరగా దిగదు. 304లో క్రోమియం 18, నికెల్ 8, అది ఇంచుమించు తుప్పు పట్టదు. కానీ 304 వేడికి ఎక్కువ సాగుతుంది. రెండున్నర మీటర్ల పైపు 300 డిగ్రీలు వేడెక్కితే మామూలు ఇనుము 9 మిల్లీమీటర్లు సాగితే ఇది దాదాపు 13. హ్యాంగర్లకి ఆ కదలిక ఇవ్వకపోతే వెల్డింగ్ దగ్గర పగుళ్లు వస్తాయి. శబ్దం కూడా పలచటి స్టీలు రేకుకి కాస్త కంచు కొట్టినట్టు ఉంటుంది, నీకు మెత్తటి గొంతు కావాలన్నావు కాబట్టి నేనైతే రెండు పొరల రేకున్న అల్యూమినియం పూత డబ్బా లేదా 409 చూస్తాను.

ఏది పెట్టినా డబ్బా వెనక అంచున, అన్నిటికంటే కిందికి ఉన్న చోట 3 మిల్లీమీటర్ల బొక్క ఒకటి ఉండాలి, నీళ్లు కారిపోవడానికి. లేకపోతే డ్రిల్లు పెట్టించు. కింద పైపు బెండ్లు నొక్కుకుపోయి చపటగా ఉండకూడదు, లోపల మాండ్రెల్ అనే దిమ్మ పెట్టి వంచినవి అడుగు, లోపల గుండ్రం పోకుండా ఉంటుంది. 2.25 పైపు తీసుకుని బెండులో నొక్కేస్తే 2 అంగుళాల పైపు కూడా మిగలదు. హ్యాంగర్లు రబ్బరువే, ఇంజిన్ తన మౌంట్ల మీద ఊగుతుంది, పైపుని బాడీకి గట్టిగా బిగిస్తే ఆ ఊపంతా బాడీలోకి వచ్చి మళ్లీ హోరే. చివరిగా, పెట్రోలు ట్యాంకు వెనకే ఉంది, వెల్డింగ్ బండి మీద చేయనివ్వకు. కొలిచి టాకా వేసి, విప్పి బయట అతికి, మళ్లీ బిగించాలి. ఆ చిన్న టాకా వేసేటప్పుడైనా ట్యాంకు వైపు వెల్డింగ్ దుప్పటి కప్పి, బ్యాటరీ తీగ పీకేసి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోవాలి.

ఇన్‌లైన్_ఆరు:

ఒకవేళ ఇదంతా చేశాక కూడా 90 దగ్గర కొంచెం మిగిలితే డబ్బా మళ్లీ మార్చకండి. పైపు పక్కకి ఒక కొమ్మ, చివర మూసేసిన గొట్టం, అతికించవచ్చు. ఆ శబ్దపు అల పొడవులో నాలుగో వంతు పొడవు ఉంటే, అలలు చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి సరిగ్గా ఎదురుపడి చస్తాయి. 130 హెర్ట్జ్‌కి, ఆ మూసిన గొట్టంలో గ్యాస్ ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి 75 నుంచి 90 సెంటీమీటర్ల మధ్య పడుతుంది. వేడి ఎక్కువైతే శబ్దం వేగం పెరుగుతుంది, గొట్టం కూడా పొడవు కావాలి. అందుకే మూత జరిపేలా పెట్టి, నడుపుతూ సరిచేసి, తర్వాత అతికేయాలి.

ఇంకో విషయం, లీకు మూసి డబ్బా మార్చాక కార్బ్యురేటర్లు ఒకసారి చూసుకోండి. 72 కాబట్టి గుండ్రటి తలవే ఉండాలి. పొగ తేలిగ్గా పోతే మిశ్రమం కాస్త పలచబడవచ్చు. ప్లగ్గులు విప్పి చూస్తే లేత గోధుమ రంగు ఉంటే ముట్టుకోకండి, తెల్లగా ఉంటే రెండు కార్బ్యురేటర్ల కింది నట్లూ సమానంగా, కొద్దికొద్దిగా కిందికి దించండి.

నీలిజెడ్72:

ఐదు వారాలైంది, రాయడం ఆలస్యమైంది, క్షమించండి. స్టడ్ తీయడానికే మూడు రోజులు పట్టింది, డ్రిల్లు చేసి తీశారు. మానిఫోల్డ్ వెనక చివర వంగి ఉంది, చదును చేయించాను. డౌన్‌పైపు పాతదే, అక్కడినుంచి 2.25, మధ్యలో 14 అంగుళాల నేరు రెజొనేటర్, వెనక 10x5x18 టర్బో రకం ఓవల్, అల్యూమినియం పూత, రెండు పొరల రేకు. టిప్పు బంపర్ దాటి 5 సెంటీమీటర్లు. లైట్ల గాస్కెట్లు, హ్యాచ్ రబ్బరు, బిళ్లలు అన్నీ కొత్తవి, మీటరు సున్నా. ప్లగ్గుల్లో ఐదూ ఆరూ తెల్లగా కనిపించాయి, వెనక కార్బ్యురేటర్ కొద్దిగా దించాను, ముందుదీ అంతే దించి నడిపి మళ్లీ చూస్తే రంగు సరిపోయింది.

మొన్న నాన్నతో 200 కిలోమీటర్లు వెళ్లొచ్చాను. 2,600 దగ్గర హోరు పూర్తిగా పోలేదు, కొండ ఎక్కేటప్పుడు పెడల్ గట్టిగా నొక్కితే లీలగా ఉంటుంది, స్పీడు పట్టి వదిలేస్తే లేదు. కొమ్మ గొట్టం అవసరం అనిపించలేదు. 4,000 దాటించినప్పుడు ఆ గొంతు ఉంది చూశారూ, గరగర లేకుండా, బట్ట చింపినట్టు ఒకే ధారగా వస్తోంది. నేను పాటల క్యాసెట్ కూడా పెట్టలేదు. నాన్న దారంతా మాట్లాడుతూనే ఉన్నారు, తను డ్రైవింగ్ నేర్చుకున్న రోజుల సంగతి నాకు ఎప్పుడూ చెప్పనిది చెప్పారు. మధ్యలో ఆపి, 'బండి కదిలేటప్పుడు వెనక ఏదో ఠక్‌మంటోందిరా' అన్నారు. ఆయన చెప్పాకే నాకూ వినిపించింది. ఇదివరకు ఆ హోరులో తెలిసేది కాదు. క్లచ్ వదలగానే ఒక్కసారి ఠక్, అంతే, తర్వాత ఏమీ లేదు.

పానా_చేతిలో:

నాన్నగారి చెవికి దండం పెట్టాలి. వెనక చక్రాలకి వెళ్లే హాఫ్ షాఫ్ట్‌ల యూ-జాయింట్, అంటే షాఫ్టు వంగుతూ తిరగడానికి ఉండే కీలు, అయి ఉంటుంది. చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి కిందికి దూరి ఒక్కో షాఫ్టునీ చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పు, ఏ జాయింట్ దగ్గర ఆట కనిపిస్తే అదే. డిఫరెన్షియల్ ముందు మౌంటు రబ్బరు కూడా చూడు, అది చిరిగినా ఇదే చప్పుడు వస్తుంది. ఫొటోలు తీసి పెట్టు, చూసి చెబుతాను.